బోర్డు మీద నా మూడు

ఆ ఆదివారం నేను లెక్కలు వదిలేద్దామనే బడికి వెళ్లాను.

ఓపెన్ టెన్త్‌లో చేరినవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. లెక్కలు కష్టమనిపిస్తే వాటి బదులు హోం సైన్సు తీసుకోవచ్చు. అలా మార్చుకోవడానికి ఆ రోజే ఆఖరు. మా సెంటర్ చూసుకునే సారు మధ్యాహ్నం లోపల క్లాసుకే వస్తానన్నాడు, మారేవాళ్లు ఆయనకు ఒక మాట చెబితే చాలు. అప్పటికే చాలామంది మారిపోయారు. మా ఊరి పటేలమ్మ అందరికన్నా ముందు మారింది.

"జిందగీ అంత వండుడే సరిపాయె. గా వంట మీదనే పరీక్ష పెడితే పాస్ గాకపోతమా?" అని ఆమె వాదన.

నాకు టెన్త్ పాసవడం సరదా కాదు. నేను పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హెల్పర్‌ని. హెల్పర్ అంటే అట్టపెట్టెలు మోయడం, దించడం, మళ్లీ మోయడం. టెన్త్ ఉంటే మెషిన్ మీదికి తీసుకుంటారు. మెషిన్ దగ్గర నిలబడాలి గానీ మోయక్కర్లేదు. నా నడుము అప్పటికే మొరాయిస్తోంది. లెక్కలు తప్పితే టెన్త్ పోయినట్టే. హోం సైన్సు అయితే గట్టెక్కుతానని అందరూ అన్నారు, నాకూ తెలుసు.

అయినా మనసు ఒప్పలేదు. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. ఊళ్లో సాయంత్రాలు పెట్టిన బడిలో ముందు నా పేరు రాయడం, తరువాత బస్సు బోర్డులు, తరువాత మందుల డబ్బాల మీద పేర్లు. అక్షరం వచ్చినప్పుడు సంతోషమైంది. అంకెలు మాత్రం నాకు కొత్త కాదు. గుత్తకు నాట్లు వేసిన కాలం నుంచి నోటితోనే లెక్క వేసేదాన్ని. అవే లెక్కలు కాగితం మీద ఎట్లా ఉంటాయో చూడాలని నాకు ఒకటే ఆత్రం. చూడకముందే వదిలేయడం అంటే, పెళ్లికి వెళ్లి పందిరి బయట నుంచే తిరిగి వచ్చినట్టు అనిపించింది.

అసలు ఆ ఆత్రం చప్పబడింది మొదటి లెక్కల సారు దగ్గర. మంచి మనిషి, గొంతెత్తి ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. మా వైపు వీపు పెట్టి బోర్డు నిండా రాసేవాడు, తిరిగి "అర్థమైందా?" అనేవాడు. మేమంతా ఒక్క గొంతుతో "అయింది సార్" అనేవాళ్లం. ఆయన తుడిచేసి ఇంకొకటి రాసేవాడు. అర్థం కాలేదని చెప్పడం మాకు తెలియదు. ఫ్యాక్టరీలో బీహారు సూపర్‌వైజరు హిందీలో గడగడా చెప్పి "సమఝ్ గయే?" అంటాడు, లైను మొత్తం "హా సాబ్" అంటుంది. ఆయన పోయాక ఒకరి మొహం ఒకరం చూసుకుని, పక్కామె చేసేది చూసి చేస్తాం. బడిలోనూ అదే నడిచింది. ఇక్కడ తేడా ఏమిటంటే, పక్కామెకూ రాదు.

ఆయనకు వేరే బడికి బదిలీ అయ్యాక ఒక మేడం వచ్చింది. పటేల్‌గూడ నుంచి స్కూటీ మీద వచ్చేది. మామూలు రోజుల్లో హైస్కూలు పిల్లలకు చెబుతుంది, ఆదివారం మాకు. నాకన్నా చాలా చిన్నది. మమ్మల్ని అక్కా అని, పెద్దవాళ్లను అమ్మా అని పిలిచేది. ఆమె నోట "అర్థమైందా" అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు. ఆమె అడిగేది ఒకటే: "ఎట్లొచ్చింది?"

మొదట్లో ఆ మాట వింటే మా పై ప్రాణాలు పైనే పోయేవి. ఎట్లొచ్చిందని అడిగిందంటే తప్పేనని, వెంటనే జవాబు మార్చేవాళ్లం. మార్చిన జవాబుకు కూడా ఎట్లొచ్చిందనే అడిగేది. సరైనదానికీ అదే, తప్పుదానికీ అదే, ఒకే గొంతు. చదువు రానివాళ్లం మొహాలు చదువుతాం. ఎదుటివాళ్ల కనుబొమ్మ కదిలిన తీరు చూసి అవునో కాదో చెప్పేస్తాం, మా బతుకంతా అట్లానే గడిచింది. ఆమె మొహంలో మాత్రం ఏమీ దొరికేది కాదు. చివరికి మొహం వదిలేసి బోర్డు చూడక తప్పలేదు.

ఇంకొక నియమం పెట్టింది. బోర్డు మీద ఎవరు రాసింది వాళ్లే తుడవాలి. ఆమె తుడవదు, పక్కవాళ్లు తుడవకూడదు.

నేను మాత్రం అప్పటిదాకా బోర్డు దగ్గరికి వెళ్లలేదు. సుద్దముక్క చేతికి ఇవ్వబోతే నడుము నొప్పి అనో, కళ్లు మసక అనో చెప్పి తప్పించుకున్నాను. ఆమె బలవంతం చేయలేదు గానీ ప్రతి ఆదివారమూ అడగడం మానలేదు.

ఆ రోజు పాయింట్లు ఉన్న కూడికలు. మేడం పుస్తకంలోని లెక్క చదివింది. ఒక రైతుకు ఒక చోట 1.20 ఎకరాలు, మరొక చోట 1.20 ఎకరాలు ఉన్నాయి. మొత్తం ఎంత?

నాకు నవ్వొచ్చింది. ఇంత తేలికైన లెక్క ఆ పుస్తకంలో ఉంటుందనుకోలేదు. ఎట్లాగూ వదిలేసి పోతున్నాను కదా, పోయేముందు ఒక్కసారి బోర్డు మీద రాస్తే ఏం పోతుంది అనిపించింది. నా అంతట నేనే లేచాను. వెనక బెంచీ నుంచి పటేలమ్మ "ఓయమ్మో, గిది లేసిందే!" అంది. ఆమె హోం సైన్సుకు మారినా నాతో షేర్ ఆటోలో వచ్చి, నా క్లాసు అయ్యేదాకా అక్కడే కూర్చునేది.

సుద్దముక్క తీసుకుని పెద్దగా రాశాను: 3.

ముందు వరుసలో కూర్చునే చున్నీ పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల మా ఫ్యాక్టరీలోనే మాత్రల పట్టీల దగ్గర పని చేస్తుంది. టెన్త్ ఒకసారి తప్పింది, పెళ్లయ్యాక మళ్లీ కట్టింది.

"అత్తా, పాయింట్ యాడ బోయింది? మింగినవా ఏంది?"

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. మేడం నవ్వలేదు.

"ఎట్లొచ్చింది అక్కా?"

"గిండ్ల ఏమున్నది మేడం. ఇరవై, ఇరవై నలభై. నలభై గుంటలంటే ఎకరం. ఒకటి, ఒకటి రెండు. గిదొకటి కలిస్తే మూడు."

"కాదత్తా, రెండు పాయింట్ నలభై" అంది చున్నీ పిల్ల. "పుస్తకంల ఎనక జవాబున్నది, సూసుకో."

అప్పుడు వెనక నుంచి పటేలమ్మ లేచింది. ఆమె అత్తగారి పొలంలో నేను ఏళ్ల తరబడి నాట్లు వేశాను. ఆమె గట్టు మీద, నేను మడిలో. అట్లాంటి మనిషి నా తరఫున నోరు తెరుస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"పుస్తకమేమన్న పొలం దున్నిందానే? గది చెప్పిందే కరెక్టు. మా పాసుబుక్కుల గట్లనే ఉంటది. ఒకటి పాయింట్ ఇరవై అంటే ఎకరం ఇరవై గుంటలు. గసొంటివి రెండు కలిస్తే మూడెకరాలు. నా పొలం నాకెరుక లేదా?"

"ఇగ పొలమెక్కడిది పటేలమ్మా, అంత ప్లాట్లాయె గదా!" అని ఎవరో అందించారు. ఇంద్రేశం దారిలో ఆమె పొలం ఉన్నచోట ఇప్పుడు రంగు వేసిన హద్దురాళ్లు పాతి ఉన్నాయి.

"ప్లాట్లయితే? నలభై గుంటలు పోయి ముప్పై అయితదా?"

ఇంకేముంది, క్లాసు రెండుగా చీలింది. ఊళ్లవాళ్లు నా వైపు, చిన్నప్పుడు కొంచెం చదివినవాళ్లు చున్నీ పిల్ల వైపు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరూ ఎవరిదీ వినడం లేదు. నాకు మాత్రం భయం ఎటో పోయింది. నా జవాబు కోసం ఇంతమంది కొట్లాడుతున్నారు. నేను రాసిన ఒక్క అంకె కోసం!

మేడం చేయి ఎత్తింది. "జెర ఆగుర్రి. అక్క రాసిన మూడు గట్లనే ఉండనీ. చెల్లె, నువ్వు నీది పక్కన రాయి."

చున్నీ పిల్ల 2.40 రాసింది. మేడం వెళ్లి మా బెంచీలో, నేను లేచి వచ్చిన చోట కూర్చుంది.

"ఇగ నేను మాట్లాడ. ఎవరు ఎవర్ని ఒప్పిస్తరో ఒప్పియ్యుర్రి."

టీచరు బెంచీలో, మేము బోర్డు దగ్గర! నాకు కాళ్లు ఒకచోట నిలవలేదు. చున్నీ పిల్ల వైపు తిరిగి, మేడం అడిగినట్టే అడిగాను.

"నీకెట్లొచ్చిందే?"

"ఇరవై ఇరవై నలభై. ఒకటి ఒకటి రెండు. అంతే."

"నలభై అయినంక ఎకరం గావాలె గదా. ఎందుకు పక్కకు పోనియ్యవు?"

"నలభైకి పోదత్తా. వందైతే పోతది."

"ఎందుకు వంద?"

ఆ పిల్ల తన 2.40 వైపు చూసుకుంది. "ఎందుకంటే... మా సార్ గట్లనే చెప్పిండు."

"మీ సారుకెవరు చెప్పిండ్రు?" అంది పటేలమ్మ. ఈసారి నవ్వు ఆ పిల్లకూ ఆగలేదు.

నాకు అది చాలా నచ్చింది. ఆమెది పుస్తకంలో ఉన్న జవాబే, కానీ ఎందుకో ఆమెకు తెలియదు. నాకు నాది ఎందుకో తెలుసు, కానీ పుస్తకంలో అది లేదు. ఇద్దరం ఒకే గోడకు గుద్దుకుని నిలబడ్డాం.

అప్పుడు మేడం బెంచీలోంచే ఒక్క మాట అంది. "ఎన్ని గూడితే పెద్దది అయితదో, ఒక్కొక్కరు మీకెరుకైంది చెప్పుర్రి."

"అరవై నిమిషాలకు గంట."

"డజనుకు పన్నెండు."

"గుంటకు నూట ఇరవై ఒక్క గజం" అంది పటేలమ్మ. ప్లాట్లయ్యాక నేర్చుకున్న లెక్క అది.

"మా లైనుల పది పట్టీలకు ఒక డబ్బా" అంది చున్నీ పిల్ల. అంటూనే తన నోరు తానే మూసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. "మేడం! పుస్తకంది గూడ గట్లనే పదిపదిగ కట్టిన లెక్క! పాయింట్ పక్కన పదే!"

"ఏం పది?" అంది మేడం.

మొదటి సారు అయితే ఇక్కడ చెప్పేసేవాడు. ఈమె చెప్పలేదు. కూర్చుంది, అంతే. బయట హైవే మీద లారీలు పోతున్న చప్పుడు వినబడింది. ఎవరో దగ్గారు. అడిగి ఊరుకోవడం కూడా చదువు చెప్పడమేనని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె ఊరుకున్నంతసేపూ మా తలల్లో ఏదో తిరుగుతూనే ఉంది.

"అక్కా" అని చివరికి పిలిచింది. "ఎకరాన్ని నలభై ముక్కలు జేస్తే గుంటయితది. పది ముక్కలే జేస్తే?"

నేను బోర్డు మీద ఒక మడి గీశాను. చేను గీయడం నాకు రాదా! దాన్ని నిలువునా పది సాళ్లు చేశాను. గీతలు కొంచెం వంకర పోయాయి. ఒక్కో సాలులో ఎన్ని గుంటలు? నలభైని పదిమందికి పంచితే తలా నాలుగు.

"సాలుకు నాలుగు గుంటలు" అన్నాను.

"పుస్తకంల పాయింట్ తర్వాత మొదట రాసేది గా సాళ్లనే" అంది మేడం. "రెండోది, ఒక్కొక్క సాలును మళ్లీ పది ముక్కలు జేస్తే వచ్చే బిల్లలు. గిప్పుడు పాయింట్ రెండు సున్నా చదువు."

రెండు సాళ్లు. బిల్లలు సున్నా. రెండు సాళ్లు, సాలుకు నాలుగు.

"ఎనిమిది!" అని అరిచాను. నిజంగానే అరిచాను, పక్క గదిలో సోషల్ చెబుతున్న సారు తలుపు దగ్గరికి వచ్చి చూశాడు. "ఎనిమిది గుంటలే! ఒకటి పాయింట్ ఇరవై అంటే పుస్తకంల ఎకరం ఎనిమిది గుంటలు!"

పటేలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "అంటే గీ పుస్తకపోడు మన దగ్గర పన్నెండు గుంటలు గుంజుకున్నడా?"

క్లాసంతా పగలబడి నవ్వింది. మేడం కూడా తల వంచుకుని నవ్వింది, ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు మాత్రం నవ్వడానికి తీరిక లేదు. ఆ పిల్ల రాసిన 2.40 నా కళ్లకు ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. రెండెకరాలు, నాలుగు సాళ్లు. నాలుగు నాలుగులు పదహారు గుంటలు. ఇటు చూస్తే ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. రెండు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి చేరాను. ఎవరి మొహమూ చూడకుండా, ఎవరూ చెప్పకుండా, ఇది సరైనదని నాకు తెలిసింది. అంతకు ముందు జీవితంలో ఏ సంగతీ నాకు అట్లా తెలియలేదు.

"పదహారు సరిపోయింది మేడం. గిటు నుంచి సూసినా పదహారే, గటు నుంచి సూసినా పదహారే."

ఆమె సరే అనలేదు, శభాష్ అనలేదు. "మరి నీ మూడు తుడుస్తవా, ఉంచుతవా?" అని అడిగింది.

డస్టరు తీసుకుని, మళ్లీ పెట్టేశాను. నా మూడు కింద, చిన్నగా, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ రాశాను: గుంటలైతే. చున్నీ పిల్ల నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని 2.40 కింద రాసింది: సాళ్లయితే. ఏది ఎట్లా వచ్చిందో కింద రాసుకున్నాక ఆ రెండు జవాబులు కొట్లాట మానేసి పక్కపక్కన ఉండిపోయాయి.

"మరైతే మన ఎకరం ఇరవై గుంటల్ని పుస్తకంల భాషల ఎట్ల రాయాలె?" అని పటేలమ్మ అడిగింది. ఆమె ఎప్పుడు వెనక బెంచీ వదిలి ముందుకు వచ్చిందో ఎవరూ గమనించలేదు. నేను నా సాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై గుంటలకు ఎన్ని సాళ్లు? నాలుగుకొకటి... వేలు బోర్డు మీద జరుపుకుంటూ పోతున్నాను.

సరిగ్గా అప్పుడు సెంటర్ సారు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, సబ్జెక్టు మార్చుకునేటోళ్లు ఎవరు? జల్దీ చెప్పుర్రి, నాకు ఇంకో సెంటర్ ఉన్నది." నా వైపు చూసి గుర్తుపట్టాడు. పోయిన వారం నేనే ఆయన్ను వాకిట్లో ఆపి అడిగాను. "నువ్వేనా అమ్మా? హోం సైన్స్ గావాలంటివి?"

"ఆగుర్రి సార్, గిది అయిపోనియ్యుర్రి" అన్నాను. వెనక్కు తిరగలేదు. తిరిగితే సాళ్ల లెక్క తప్పుతుంది. నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై. ఐదు సాళ్లు. పదిలో ఐదు. సగం ఎకరం, అంతే కదా! 1.5 అని రాశాను. రెండు ఒకటిన్నరలు మూడు. నా మూడే మళ్లీ వచ్చింది, ఈసారి పుస్తకం లెక్కలో వచ్చింది.

అప్పుడు తిరిగాను. సారు గడియారం చూసుకుంటున్నాడు.

"ఇగ చెప్పు."

నడుము గుర్తుకొచ్చింది. అట్టపెట్టెలు గుర్తుకొచ్చాయి. ఈ ఒక్క లెక్క వచ్చినంత మాత్రాన పుస్తకం అంతా వచ్చినట్టు కాదు, ఇంకా పాఠాలు ఎన్నో ఉన్నాయి. తప్పితే ఇంకో ఏడాది మోయాలి. మేడం వైపు చూశాను, పాత అలవాటు. ఆమె కావాలనే కిటికీ వైపు తిరిగి ఉంది.

"మార్చుకోను సార్. నాకు లెక్కలే ఉండనీ."

"సోచాయించుకున్నవా? తర్వాత మార్చరాదు. ఫెయిలయితే నన్ను అనొద్దు."

"ఫెయిలయితే ఎట్లయిననో నాకెరుకైతది" అన్నాను. అంత మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో.

"సారూ, నాది మళ్ల లెక్కల్లకు మార్చు" అంది పటేలమ్మ. "వంట తర్వాత సూసుకుంట."

"నీకేమైందమ్మా, పోయిన నెలనే గదా మారినవు!"

"గప్పుడు గీ ముచ్చట ఎరుక లేకుండె."

సారు తల కొట్టుకుంటూ రాసుకుని వెళ్లిపోయాడు. గదిలో ఒక నిమిషం గోలగా ఉంది. చున్నీ పిల్ల నా చేయి పట్టుకుని ఊపుతోంది. మేడం కిటికీ దగ్గర నుంచి వచ్చి, నా మడి కిందున్న ఖాళీలో కొత్త లెక్క రాసింది. మూడెకరాల్లోంచి ఒకటి పాయింట్ ఇరవై ఐదు ఎకరాలు అమ్మేశారు, ఎంత మిగిలింది?

"గీ ఐదు బిల్లలన్నట్టా?" అని అడిగాను.

"నన్నడుగుతవేంది? గీసి సూడు" అంది, సుద్దముక్క నా వైపు చాస్తూ.